బెగ్, ప్లీడ్, ఇంప్లోర్: బతిమాలే మాటల వెనక చరిత్ర

శుక్రవారం ఎపిసోడ్‌లో ఇంగ్లీషులో బతిమాలే మాటల గురించి మాట్లాడుకున్నాం. టైం అయిపోయి చరిత్ర సగంలోనే ఆగింది. మిగతాది ఇక్కడ రాస్తున్నా. నేను చదివింది ఐటీఐ, చేసేది సైట్ సూపర్‌వైజర్ పని. పండితుణ్ని కాదు. కానీ మా క్యాంపులో చాలా ఏళ్లుగా లీవ్ లెటర్లు, జీతం లెటర్లు రాసిపెట్టేది నేనే. అందుకే ఈ మాటలు నాకు పనిముట్ల లెక్క. ఏ బోల్టుకు ఏ స్పానర్ పడుతదో తెలియకపోతే బోల్టు తల అరిగిపోతది.

మన తెలుగులోనే చూడండి. అడగడం వేరు, మనవి చేయడం వేరు, బతిమాలడం వేరు, కాళ్లావేళ్లా పడడం వేరు. "సేటును పైసలు అడిగిన" అన్నదానికీ "సేటును బతిమాలిన" అన్నదానికీ తేడా ఇంటి దగ్గర అమ్మకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులోనూ అంతే. డిక్షనరీ తెరిస్తే బెగ్, ప్లీడ్, ఎన్‌ట్రీట్, బిసీచ్, ఇంప్లోర్ అన్నిటికీ దాదాపు 'వేడుకొను' అనే ఉంటది. కానీ ఒక్కోటి ఒక్కో చోట పెరిగింది. ఒకటి వీధిలో, ఒకటి కోర్టులో, ఒకటి చర్చిలో.

బెగ్: చాచిన చెయ్యి

బెగ్ అన్నది మొదట్నుంచీ బిచ్చం అడిగే మాట. దీని వెనక కూలీల చరిత్ర కూడా ఉంది. 1348లో ఇంగ్లండుకు ప్లేగు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయినయి. పనిచేసే చేతులు తగ్గితే కూలి పెరుగుతది కదా, అట్లనే పెరిగింది. 1349లో మూడో ఎడ్వర్డ్ రాజు ఒక ఆజ్ఞ తెచ్చాడు. కూలి ప్లేగుకు ముందున్న రేటు దాటొద్దు. ఒంట్లో సత్తువ ఉండి అడుక్కునేవాడికి ఎవరూ భిక్ష వెయ్యొద్దు. అంటే తక్కువ కూలికి పనికన్నా రావాలె, లేదంటే పస్తులుండాలె. 1531లో ఇంకో చట్టం వచ్చింది. ముసలివాళ్లకు, ఏ పనీ చేయలేనివాళ్లకు అడుక్కోవడానికి లైసెన్స్ ఇచ్చారు. సత్తువ ఉన్నవాడు అడుక్కుంటూ దొరికితే కొరడా దెబ్బలే.

కాబట్టి బెగ్‌లో హక్కు అన్నది లేదు. ఇస్తే ఇచ్చేవాడి దయ, ఇవ్వకపోతే అడిగేవాడి ఖర్మ. తర్వాతి కాలంలో "ఐ బెగ్ టు స్టేట్" అని ఉత్తరాల్లో మర్యాద కోసం రాయడం అలవాటైంది. తెల్లదొరల ఆఫీసుల్లో మన గుమాస్తాలు అదే నేర్చుకున్నారు. దొరలు పోయినా ఆ వాక్యం మన లెటర్లలో ఉండిపోయింది.

ప్లీడ్: నిలబడి చెప్పుకునే మాట

ఇది చాలామంది పొరపడే మాట. ప్లీడ్ అంటే ఏడ్చి అడగడం అనుకుంటారు. అసలది కోర్టు మాట. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును గెలిచారు. కోర్టుల్లోకి ఫ్రెంచ్ భాష వచ్చింది. వాది, ప్రతివాది తమ తమ వాదన వినిపించడాన్ని ఆ భాషలో చెప్పే మాటే ప్లీడ్ అయింది. మన ఊళ్లో పాతకాలం పెద్దవాళ్లు వకీలును 'ప్లీడరు గారు' అంటారు, గుర్తుందా? ప్లీడరు జడ్జి కాళ్ల మీద పడడు. నల్లకోటు వేసుకుని, ఎదురుగా నిలబడి, కాగితం చూపించి మాట్లాడతాడు.

ఇంకో సంగతి కూడా మనకు దగ్గరిదే. మామూలు జనానికి ఫ్రెంచ్ రాదు. తన కేసులో తన గురించి ఏం అంటున్నారో తనకే అర్థం కాదు. చివరికి 1362లో ఒక చట్టం చేశారు: ఫ్రెంచ్ ఈ దేశంలో జనానికి పెద్దగా తెలియదు, కాబట్టి కోర్టులో వాదన ఇంగ్లీషులో జరగాలి అని. వింత ఏంటంటే ఆ చట్టాన్ని కూడా ఫ్రెంచ్‌లోనే రాశారు. అరబీ కాగితం మీద అర్థం కాకుండా సంతకం పెట్టిన ఎవరికైనా ఆ కాలపు ఇంగ్లీషు రైతు బాధ తెలుస్తది.

ఇంప్లోర్, బిసీచ్, ఎన్‌ట్రీట్

ఇంప్లోర్ లాటిన్ నుంచి వచ్చింది. దాని లోపల ఉన్నది ఏడుపు. కన్నీళ్లతో వేడుకోవడం అన్నమాట. బిసీచ్ పాత ఇంగ్లీషు మాట, లోపల 'సీక్', అంటే వెతకడం ఉంది. 1549లో ఇంగ్లండు చర్చి కోసం వచ్చిన ప్రార్థన పుస్తకంలో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తది. అందుకే దానికి గుడి వాసన. ఇవాళ మేనేజరుకు "ఐ బిసీచ్ యూ" అని రాస్తే, ఫోర్‌మన్‌ను పట్టుకుని "స్వామీ, శరణు" అన్నట్టే ఉంటది.

ఎన్‌ట్రీట్ కథ వేరు. దాని మూలంలో లాగడం అన్న అర్థం ఉంది. ట్రాక్టర్ కూడా ఆ కుటుంబమే. మొదట ఎన్‌ట్రీట్ అంటే ఒకరితో వ్యవహరించడం. తర్వాత నచ్చజెప్పి ఒప్పించడం, ఆ తర్వాత వేడుకోవడం అయింది. మనం సంతకం పెట్టే కాంట్రాక్ట్ కూడా అదే మూలం నుంచి వచ్చింది. ఇద్దరినీ ఒక దగ్గరికి లాగి కట్టేది కాంట్రాక్ట్. అందులో రాసిందాన్ని మళ్లీ ఎన్‌ట్రీట్ చేసి అడగాల్సి వస్తోందంటే ఎక్కడో తాడు తెగిందన్నమాటే.

ప్రే నుంచి ప్రికేరియస్ దాకా

ప్రే అంటే ప్రార్థించడం. లాటిన్‌లో దీని చుట్టమే ప్రికేరియస్. ఇప్పుడు దీన్ని 'ఎప్పుడు పోతదో తెలియని' అన్న అర్థంలో వాడతారు. మూలంలో మాత్రం 'వేడుకుంటే దొరికినది' అని. పాత రోమన్ చట్టంలో ఒక పద్ధతి ఉండేది. ఒకడు వేడుకుంటే ఇంకొకడు తన భూమిని వాడుకోనిచ్చేవాడు. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. వేడుకుని తెచ్చుకున్నదానికి గట్టి పునాది ఉండదని ఆ మాటే చెబుతోంది. వీసా మీద బతికే మనకు ఇది వేరే చెప్పాలా?

పిటిషన్: కాగితం బలం

పిటిషన్ కూడా అడగడమే. కానీ కాగితం మీద, పేరు పెట్టి, సంతకం పెట్టి. 1689లో ఇంగ్లండులో హక్కుల చట్టం వచ్చింది. రాజుకు పిటిషన్ పెట్టుకోవడం ప్రజల హక్కు, అలా పెట్టినందుకు శిక్షించడం చట్టవిరుద్ధం అని అందులో ఉంది. అడగడం ఇక్కడ దయ నుంచి హక్కులోకి మారింది.

మన వలస చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణ నాటాల్. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాతి ఏళ్లలో తెలుగువాళ్లు కూడా చాలామంది గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర వేసి అక్కడి చెరకు తోటలకు పోయారు. 1894లో భారతీయుల ఓటు హక్కు తీసేసే బిల్లు వచ్చినప్పుడు గాంధీ, అక్కడివాళ్లు కలిసి రెండు వారాల్లో దాదాపు 10,000 సంతకాలతో లండన్‌కు పిటిషన్ పంపారు.

అదే ఏడు బాలసుందరం అనే తమిళ కూలీ గాంధీ ఆఫీసుకు వచ్చాడు. యజమాని కొట్టిన దెబ్బలకు పళ్లు విరిగి రక్తం కారుతోంది. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు, తెల్లవాళ్ల ముందు అట్లా నిలబడడం అక్కడ అలవాటు చేశారు కాబట్టి. గాంధీ ముందు ఆ తలగుడ్డ చుట్టుకోమన్నాడు. తర్వాత కేసు పట్టుకుని అతన్ని వేరే యజమాని దగ్గరికి మార్పించాడు. తలగుడ్డ చేతిలో ఉంటే అది బెగ్. తల మీద ఉంటే ప్లీడ్. నాకు ఇంతకంటే మంచి డిక్షనరీ దొరకలేదు.

మన మాటల్లో

విన్నపం అంటే మూలంలో తెలియజేయడమే. ఫిర్యాదు పారసీ మాట, మొదటి అర్థం సాయం కోసం పెట్టే కేక, మన మొర లాగా. అర్జీ అరబీ నుంచి వచ్చింది. ముందు పెట్టడం, చూపించడం అని దాని అర్థం. ఇక్కడ సూపర్ మార్కెట్ల ముందు ఆఫర్ల బోర్డు మీద అరబీలో కనిపించే మాట కూడా ఆ మూలానిదే. అంటే అర్జీలో వంగిన నడుము లేదు, ముందు పెట్టిన కాగితం ఉంది.

మరి లెటర్‌లో ఏం రాయాలి?

పక్క క్యాంపు తమ్ముడొకడు, స్టీల్ ఫిక్సర్, మూడు నెలల జీతం రాలేదని లెటర్ రాసుకొచ్చాడు. అందులో బెగ్ నాలుగుసార్లు, కైండ్లీ ఐదుసార్లు ఉంది. ఏ నెలలు, ఎంత మొత్తం అన్నది ఒక్కసారి కూడా లేదు. బెగ్‌లన్నీ తీసేసి నెలలు, ఓవర్‌టైమ్ గంటలు, మొత్తం రాశాం. కింద కాంట్రాక్ట్ తేదీ వేశాం. పైసలు మర్నాడే రాలేదు. కానీ తర్వాత లేబర్ ఆఫీసుకు పోయినప్పుడు ఆ కాగితమే పనికొచ్చింది, అందులో లెక్క ఉంది కాబట్టి.

నా లెక్క ఇది. చెల్లె పెళ్లికి లీవ్ పది రోజులు ముందుగా కావాలంటే అది వాళ్ల చేతిలోది, రిక్వెస్ట్ అని మర్యాదగా రాయండి. జరిమానా తగ్గించమనో, ఒక నిర్ణయం మళ్లీ చూడమనో పైవాళ్లను అడిగితే అపీల్. చేసిన పనికి రావాల్సిన జీతమైతే క్లెయిమ్. అప్పటికీ ఇవ్వకపోతే కంప్లైంట్. మర్యాద ఎక్కడైనా ఉండాల్సిందే, "ప్లీజ్" రాస్తే తప్పు లేదు. కానీ ఎండలో కష్టపడి సంపాదించుకున్నదాన్ని బిచ్చం మాటతో అడగకండి. మాట బిచ్చందైతే చదివేవాడికి కూడా అది బిచ్చంలాగే కనిపిస్తది.