తాడు ఎవరి పూచీ?

1988 నవంబరు 12న న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, క్వీన్స్‌టౌన్‌కు దగ్గరలో, కవరావ్ నది మీది పాత వేలాడే వంతెన నుంచి 28 మంది డబ్బు కట్టి మరీ కిందికి దూకారు. వంతెనకూ నీటికీ మధ్య 43 మీటర్లు. మనిషికి 75 డాలర్లు. బంగీ జంప్ ఏడాది పొడవునా నడిచే వ్యాపారంగా మొదలైంది అక్కడే. కాళ్ళకు తాడు కట్టుకుని తలకిందులుగా దూకడం అప్పటికే ఉన్న సంగతి. పసిఫిక్‌లో ఒక దీవివాళ్ళు తరతరాలుగా దూకుతున్నారు. ఇంగ్లండులో కొందరు యువకులు తొమ్మిదేళ్ళ ముందే దూకి చూపించారు. అయినా ఈ చరిత్రలో అసలు మలుపు కవరావ్ వంతెన దగ్గరే వచ్చిందని నా వాదన. దూకేవాడికి సాధన గానీ, అనుభవం గానీ, ఆ తాడు గురించిన తెలివిడి గానీ అక్కర్లేకుండా పోయింది అక్కడే. సెలవులకు ఊరుగాని ఊరు వచ్చి, పొద్దున టికెట్టు కొని, మధ్యాహ్నానికి జీవితంలో మొదటిసారి దూకి, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయే మనిషి అంతకుముందు లోకంలో లేడు. అతన్ని పుట్టించింది ధైర్యం కాదు, తాడుకు ఎవరో ఒకరు పూచీ పడే ఏర్పాటు. ఆ పూచీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారుతూ వచ్చిందో చూస్తే తప్ప ఈ సరదా చరిత్ర అర్థం కాదు.

మొదట అది ఊరి చేతిలో ఉండేది. వనువాటు దేశంలోని పెంటెకోస్ట్ దీవి దక్షిణ భాగంలో ఏటా ఏప్రిల్ నుంచి జూన్ దాకా, పెండలం పంట చేతికొచ్చే రోజుల్లో, మగవాళ్ళు అడవి కొయ్యలతో ఇరవై ముప్ఫై మీటర్ల ఎత్తు గోపురం లేపుతారు. దానికి వేర్వేరు ఎత్తుల్లో మంచెలు ఉంటాయి. కింది మంచెల నుంచి పిల్లలు, పైమంచెల నుంచి ఆరితేరినవాళ్ళు దూకుతారు. రెండు చీలమండలకూ చెరొక అడవి తీగ. భుజాలు నేలకు తాకీ తాకనట్టు తగిలితే పంటకు మేలని నమ్మకం. చూసేవాళ్ళకు సాహసం కనిపిస్తుంది గానీ, దాని వెనకున్నది పనితనం. వానలు వెనకబట్టి, తీగలో పస నిండి, సాగే గుణం ఉన్న రోజుల్లోనే దూకుతారు. పెద్దవాళ్ళు మనిషి ఒడ్డూ పొడవూ కంటితోనే అంచనా కట్టి తీగను ఎంచుతారు. కింద నేలను తవ్వి గుల్ల చేస్తారు. తీగ బిగిసే క్షణంలో మంచె కిందికి ఒరిగేలా అమరుస్తారు. దెబ్బలో కొంత అది మింగుతుంది. దూకేవాడు ఆ గోపురం కట్టినవాళ్ళలో ఒకడు, ఆ తీగ ఏ రోజు కోశారో తెలిసినవాడు, చిన్ననాడు కింది మంచెల నుంచి దూకి దూకి పైకి ఎదిగినవాడు.

ఈ ఆచారం పుట్టుక గురించి అక్కడ చెప్పుకునే కథ కూడా తాడు కథే. భర్త పెట్టే బాధ పడలేక ఒక స్త్రీ పారిపోయి మర్రిచెట్టు ఎక్కుతుంది. వెంటాడి వచ్చిన భర్త కూడా చెట్టెక్కుతాడు. ఆమె కాళ్ళకు తీగలు కట్టుకుని దూకి బతుకుతుంది. ఆ సంగతి ఎరగని భర్త వెనకే దూకి చస్తాడు. మళ్ళీ అలా మోసపోకూడదని మగవాళ్ళు ఈ విద్య నేర్చుకున్నారంటారు. దీన్ని ఆడదాని తెలివి కథగానో మగవాళ్ళ పంతం కథగానో చెప్పుకోవచ్చు. నాకు మాత్రం ఇందులో మొదట కనిపించేది వేరు. చచ్చినవాడికి ధైర్యం తక్కువ కాలేదు. తాడు సంగతి తెలియలేదంతే.

ఊరి చేతిలోంచి పూచీ జారితే ఏమవుతుందో 1974లో తేలింది. అప్పటికి ఆ దీవులు న్యూ హెబ్రిడీస్ పేరుతో బ్రిటన్, ఫ్రాన్స్‌ల ఉమ్మడి ఏలుబడిలో ఉన్నాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో రెండో ఎలిజబెత్ రాణి పర్యటనకు వచ్చింది. ఆమెకు చూపించడం కోసం వలస అధికారులు కాలం కాని కాలంలో దూకుడు ఏర్పాటు చేయించారు. ఫిబ్రవరి అక్కడ వానాకాలం. తీగలు తగినట్టు సాగే స్థితికి రాలేదు. దూకిన ఒకతని తీగలు తెగాయి, అతను ప్రాణం పోగొట్టుకున్నాడు. గోపురం అదే, మనుషులు అదే నేల మీద పుట్టినవాళ్ళే, ధైర్యమూ అదే. మారింది ఒక్కటే: ఏ రోజు దూకాలో నిర్ణయించినవాళ్ళకు తీగతో పరిచయం లేదు. ఆచారం వెనక రాతలో లేని భద్రతా నియమావళి ఒకటి ఉందని, దాన్ని పక్కన పెట్టి దృశ్యాన్ని మాత్రమే కోరుకుంటే ప్రాణం మీదికి వస్తుందని ఈ సంఘటన చెబుతోంది.

బయటి ప్రపంచానికి చేరింది మాత్రం ఆ దృశ్యమే. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1955లోను, 1970లోను పెంటెకోస్ట్ మీద వ్యాసాలు వేసింది. డేవిడ్ అటెన్‌బరో బీబీసీ కోసం ఆ దూకుళ్ళను చిత్రించాడు. ఆ బొమ్మల ప్రేరణతో 1979 ఏప్రిల్ 1న, ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర, 1864లో తెరిచిన క్లిఫ్టన్ వేలాడే వంతెన నుంచి ఆక్స్‌ఫర్డ్ డేంజరస్ స్పోర్ట్స్ క్లబ్ సభ్యులు నలుగురు దూకారు. కింద సుమారు 75 మీటర్ల లోయ. క్లబ్బును నడిపిన డేవిడ్ కర్క్ పొడుగు టోపీ, విందు కోటు వేసుకుని షాంపేన్ సీసాతో దూకాడు. వంతెన మీదికి రాగానే పోలీసులు పట్టుకుపోయారు. ముందుగా బరువు కట్టి పరీక్షించి చూసుకుంటే తమ క్లబ్బు పేరుకు అర్థం ఉండదని వాళ్ళు అనుకున్నారు. అంటే ఆ తాడుకు ఎవరూ పూచీ కాదు; కాకపోవడమే అక్కడ వినోదం. తర్వాత కొద్ది నెలల్లోనే అమెరికాలో గోల్డెన్ గేట్ వంతెన మీద కూడా దూకారు. కానీ ఈ పద్ధతిలో నాలుగు ఫొటోలు, ఒక రాత్రి లాకప్పు మిగులుతాయి తప్ప వ్యాపారం మొలవదు. పరాయి మనిషి వచ్చి నన్నూ దూకించండి అంటే వాళ్ళ దగ్గర చెప్పడానికి ధైర్యంగా ఉండు అన్న మాట తప్ప మరేదీ లేదు.

అక్కడి నుంచి అందుకున్నవాడు న్యూజిలాండ్ వాసి ఏ.జె. హాకెట్. మంచు మీద వేగంగా జారే ఆటలో దిట్ట. క్లిఫ్టన్ దూకుడు ఫిల్ము చూసిన తర్వాత అతనికి పట్టుకున్న ప్రశ్న తాడు గురించే. శాస్త్రవేత్తల సాయంతో లేటెక్స్ రబ్బరు పోగులను కలిపి తాడు చేయించి, ఎంత బరువుకు ఎంత సాగుతుందో లెక్కలు కట్టించాడు. 1986లో ఆక్లండ్ దగ్గర ఒక వంతెన నుంచి, తర్వాత ఫ్రాన్స్ మంచు కొండల్లో, ఆఖరికి 1987 జూన్ 26న పారిస్ ఐఫిల్ టవర్ నుంచి దూకాడు. పోలీసులు పట్టుకుని కాసేపటికి వదిలేశారు. లోకమంతా వార్త అయింది. ఇందులో ప్రచారం ఎంత ఉందో, అంతకు మించి తన తాడుకు తన శరీరాన్నే సాక్ష్యం పెట్టడం ఉంది. కవరావ్ దగ్గరికి వచ్చేసరికి, మిత్రుడు హెన్రీ వాన్ ఆష్‌తో కలిసి, ఆ సాక్ష్యాన్ని రోజువారీ పనిగా మార్చాడు. కాటా మీద నిలబెట్టి బరువు చూడడం, ఆ బరువుకు తగిన తాడు ఎంచడం, కట్టును ఒకరు కట్టాక మరొకరు సరిచూడడం, ఇన్ని దూకుళ్ళు అయ్యాక తాడును పక్కన పడేయడం. పెంటెకోస్ట్ పెద్దవాళ్ళు కంటితో చేసిన అంచనాను ఇక్కడ కాటా, లెక్క, రిజిస్టరు చేస్తాయి. అయితే ఒక పెద్ద తేడా ఉంది: పెంటెకోస్ట్ కుర్రాడికి ఆ లెక్క తెలుసు, కవరావ్ దగ్గర దూకే పర్యాటకుడికి తెలియదు, తెలియనక్కర్లేదు.

తెలియని లెక్కను మనుషులు నమ్మడానికి మంచి రబ్బరు ఒక్కటే చాలదు, చట్టం కూడా కావాలి. న్యూజిలాండ్‌లో 1967 నాటి వుడ్‌హౌస్ నివేదిక ఆధారంగా 1972లో ఒక ప్రమాద పరిహార చట్టం వచ్చింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తప్పు ఎవరిదన్న విచారణతో పని లేకుండా, ప్రమాదంలో గాయపడినవాళ్ళకు వైద్యం, పరిహారం ప్రభుత్వ నిధి నుంచి అందుతాయి. దానికి బదులుగా, గాయానికి నష్టపరిహారం కోరుతూ దావా వేసే హక్కు పోతుంది. విదేశీ పర్యాటకుడు అక్కడ గాయపడినా చికిత్సకు ఈ రక్షణ వర్తిస్తుంది. దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. ఒక్క దావాతో దివాలా తీస్తానన్న భయం లేకుండా ఒక చిన్న వ్యాపారి కొత్త ఆట మొదలుపెట్టగలడు. క్వీన్స్‌టౌన్‌కు ఇతర అనుకూలాలు లేవని కాదు: 1860ల బంగారు వేట ఆ లోయల్లోకి దారులు వేసింది, 1880లో కట్టిన కవరావ్ వంతెన, కొత్త వంతెన వచ్చాక బళ్ళ రాకపోకలు తప్పి ఖాళీగా ఉంది, జెట్ బోట్లు 1960 నుంచే పర్యాటకులను నదిలో పరుగెత్తిస్తున్నాయి. కానీ లోతైన లోయలు, పాత వంతెనలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ఇలాంటి చట్టం మాత్రం అరుదు.

దావా భయం లేకపోతే వ్యాపారి అజాగ్రత్తగా ఉండడా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 2008 ఏప్రిల్‌లో న్యూజిలాండ్‌లోనే మంగటెపోపో లోయలో, సాహస యాత్రకు వెళ్ళి, హఠాత్తుగా పొంగిన వాగులో ఆరుగురు విద్యార్థులు, వాళ్ళ ఉపాధ్యాయుడు చనిపోయారు. అదే నెలలో కవరావ్ నదిలో పలక మీద ఈదే ఆటలో ఒక పర్యాటకురాలు చనిపోయింది. పరిహార చట్టం గాయపడినవాళ్ళను ఆదుకుంటుంది గానీ, గాయం కాకుండా చూసే పని దానంతట అది చేయదని తేలిపోయింది. ప్రభుత్వం సాహస క్రీడలన్నిటినీ సమీక్షించి 2011లో నియమాలు తెచ్చింది: బయటి తనిఖీదారు పరీక్షించి, రిజిస్టరులో పేరు ఎక్కితే తప్ప ఇలాంటి వ్యాపారం నడపకూడదు. కాబట్టి ఈ అభ్యంతరం నా వాదనను పడగొట్టదు, దాన్ని పూర్తి చేస్తుంది. పూచీ అంటే పరిహారం ఒక్కటే కాదు, తనిఖీ కూడా. రెండూ కలిసినప్పుడే దాని మీద నమ్మకంగా నిలబడవచ్చు.

భయాన్ని టికెట్టు పెట్టి అమ్మడం కవరావ్‌కు వందేళ్ళ ముందే మొదలైంది కదా అనేవారూ ఉంటారు. నిజమే. న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో 1884లోనే ఐదు సెంట్లకు వాలు పట్టాల మీద బండి ఎక్కించేవారు. కానీ ఆ బండిలో కూర్చున్నవాడు చేసేది ఏమీ లేదు, బండే తీసుకుపోతుంది. బంగీలో అంచు దాటే అడుగు కొన్నవాడే వేయాలి. అందుకే ఇక్కడ నమ్మకం మాటగా మిగలదు, పనిగా బయటపడుతుంది. అంత భద్రత ఉన్నాక ఇక ధైర్యమెక్కడ, ఇది ఉత్త నాటకం కదా అన్న ఎత్తిపొడుపుకు కూడా ఇదే జవాబు. శరీరానికి గణితం తెలియదు. కాళ్ళు వణుకుతూనే ఉంటాయి. వణుకుతున్న కాళ్ళతో పరాయి మనిషి లెక్కను నమ్మడం, సొంతంగా కోసుకున్న తీగను నమ్మడం కన్నా తేలికని నేననుకోను. ఇక పెంటెకోస్ట్ సొత్తును బయటివాళ్ళు దోచుకున్నారన్న ఆరోపణలో సగం న్యాయం ఉంది. ఆ బొమ్మ లేకుండా క్లిఫ్టన్ లేదు, క్లిఫ్టన్ లేకుండా కవరావ్ లేదు. తమ దూకుడు ఎక్కడ జరగాలన్నది దీవివాళ్ళకు ఎంత ముఖ్యమంటే, దాన్ని పొరుగున శాంటో దీవిలో ప్రదర్శించే వివాదం 1992లో వనువాటు సుప్రీంకోర్టుకే ఎక్కింది. కానీ కవరావ్‌కు చేరింది దృశ్యమే తప్ప, ఊరు, పంట, తీగ, పెద్దవాళ్ళ కన్ను కాదు. ఆ ఏర్పాటు స్థానంలో మరో ఏర్పాటును మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది.

ఆ ఏర్పాటు ఎంత సున్నితమైనదో 2011 డిసెంబరు 31న విక్టోరియా జలపాతం దగ్గర కనబడింది. 111 మీటర్ల ఎత్తున్న వంతెన నుంచి దూకిన ఆస్ట్రేలియా పర్యాటకురాలి తాడు తెగింది. ఆమె జాంబెజీ నదిలో పడి, కాళ్ళ కట్టుతోనే ఈది బతికింది. కొద్ది రోజులకే జాంబియా మంత్రి ఒకరు అక్కడే దూకి చూపించారు. సాధారణంగా మంత్రులు దూకరు, ప్రకటనలు ఇస్తారు. కానీ పోయిన నమ్మకాన్ని ప్రకటన తేలేదని ఆయనకు అర్థమై ఉండాలి. మన దేశంలోనూ ఈ సంగతి పట్టించుకోవలసిన కాలం వచ్చింది. 2010 నుంచి ఋషికేశ్ దగ్గర మోహన్‌చట్టిలో 83 మీటర్ల ఎత్తు నుంచి దూకిస్తున్నారు. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి సెలవులకు వెళ్ళే తెలుగు కుర్రకారు ఆ వరుసలో నిలబడుతున్నారు. న్యూజిలాండ్ నైపుణ్యం అక్కడికి వచ్చింది. చట్టం మాత్రం రాలేదు. 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు, సరైన నియమాలు తయారయ్యేదాకా నదిలో రాఫ్టింగ్‌ను, పారాగ్లైడింగ్‌ను ఆపెయ్యమని ఆదేశించవలసి వచ్చింది. ఆటలు ముందు, నియమాలు తర్వాత అన్న వరుస మనది. మన దగ్గర దూకేముందు చేయించుకునే సంతకం, ఏం జరిగినా బాధ్యత నాదే అని కొన్నవాడి చేత రాయించుకునేది. అంటే తాడు గురించి ఏమీ తెలియనివాడి నెత్తిన దాని పూచీ పెట్టడం. పెంటెకోస్ట్‌లో ఊరు, న్యూజిలాండ్‌లో రాజ్యం తీసుకున్న బరువు అది. తనిఖీ రిజిస్టరు, తప్పు వెతకని పరిహార నిధి మన రాష్ట్రాల్లోనూ వచ్చేదాకా, మొదటిసారి దూకబోయేవాడు తనకు ధైర్యం ఉందా అని కాక, ఈ తాడు వయసెంత, చివరిసారి ఎవరు పరీక్షించారు, ఆ కాగితం ఎక్కడ అని అడగాలి. జవాబు రాకపోతే వెనక్కి తిరగాలి.