కునుకు తీసిన కావలివాడు

మొన్న ఆదివారం మా ఫ్లాట్లలో ఒక పంచాయితీ జరిగింది. ముద్దాయి మా వాచ్‌మన్. నేరం ఏమిటయ్యా అంటే, తెల్లవారుజామున నాలుగు గంటలకు గేటు దగ్గర కుర్చీలో కునుకు తీయడం. ఫిర్యాది మూడో అంతస్తు పెద్దమనిషి. రైలు దిగి వచ్చి కారు హారన్ మోగిస్తే, గేటు తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టిందట.

"ఊరికే కూర్చుని జీతం పుచ్చుకునే ఉద్యోగం! ఆ కూర్చోవడమైనా మెలకువగా కూర్చోవద్దూ?" అన్నారాయన.

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఇతన్ని తీసేసి వేరే మనిషిని పెట్టుకుందామా వద్దా అన్నది వచ్చే ఆదివారం తేల్చుదామనుకొని, కాఫీలు తాగి లేచాం. ఊపిన తల మాత్రం ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. కావలి కాయడమంటే నిజంగా ఊరికే కూర్చోవడమేనా? లేచి బీరువాలోని పాత పుస్తకాలు ముందేసుకున్నాను.

మొదటి ఆశ్చర్యం నాగార్జునకొండలో ఎదురయింది. క్రీస్తు శకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు అక్కడ ఏలుతున్నప్పటి శాసనాల్లో 'మహాతలవర' అనే బిరుదు కనిపిస్తుంది. అది సామాన్యమైన బిరుదు కాదు. రాజకుటుంబంతో వియ్యమందిన వారికి ఉన్న హోదా. మన 'తలారి' మాట ఆ 'తలవర' నుంచే వచ్చిందని పండితులు కొందరంటారు. అదే నిజమైతే ఈ మాట ఎంత దూరం దిగివచ్చిందో చూడండి! సినిమాల్లో తలారి అంటే కత్తి పట్టుకుని తల తీసేవాడు. పల్లెటూళ్ళలో తలారి అంటే మునసబుగారి వెనక కర్ర పట్టుకుని నడిచేవాడు. ఒకనాటి మహారాజుల వియ్యంకుడు చివరికి చావడి అరుగు కింద నిలబడ్డాడన్నమాట.

ఆ నిలబడినవాడి పనేమిటో 1812లో ఇంగ్లండు పార్లమెంటు ముందుకు వచ్చిన ఐదవ నివేదికలో రాసి ఉంది. మన దక్షిణాది గ్రామాల్లో ఎవరెవరు ఏమేం చేస్తారో చెబుతూ, తలారికి రెండు పనులు చూపించారు. జరిగిన నేరాల సంగతి ఆరా తీయడం ఒకటి. ఒక ఊరినుంచి ఇంకో ఊరికి వెళ్ళే బాటసారులకు తోడుగా నడిచి దిగబెట్టడం రెండోది. పంటచేలకు కాపలా కాయడం ఇంకొకడి పని. చూశారా, వీటిలో కూర్చునే పని ఒక్కటీ లేదు. ఒకటి చెవులతో చేసేది, ఒకటి కాళ్ళతో చేసేది.

ఇందుకు అతనికి ముట్టేది కాస్త మాన్యం, కళ్ళంలో రైతులు కొలిచిపెట్టే మేర గింజలు. పంట పండితేనే ఆ గింజలు. బాధ్యత మాత్రం పండినా ఎండినా ఒకటే. ఊళ్ళో దొంగతనం జరిగి, దొంగ జాడ తీయలేకపోతే నష్టం కావలివాళ్ళే కట్టుకోవాలన్న ఆచారం దేశంలో చాలాచోట్ల ఉండేది. అక్బరు కొలువులో అబుల్ ఫజల్ రాసిన అయినీ అక్బరీలో నగర కొత్వాలుకు కూడా ఇదే షరతు. దొంగనూ సొత్తునూ పట్టి ఇవ్వాలి, లేదా నష్టానికి తానే జవాబుదారీ కావాలి. మా మూడో అంతస్తు పెద్దమనిషి వింటే సంతోషిస్తారేమో! కాని అబ్బాయ్, కొత్వాలుకు అధికారం ఉండేది, చేతికింద మనుషులుండేవారు. మనవాడికి ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక టార్చిలైటు ఉన్నాయి.

1816లో మద్రాసు ప్రభుత్వం చేసిన పదకొండో రెగ్యులేషన్ గ్రామ మునసబును ఊరి పోలీసుకు పెద్దను చేసి, తలారిని ఆయన చేతికింద పెట్టింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, జీతం రాళ్ళు పుచ్చుకునే కానిస్టేబుళ్ళు తయారయ్యారు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి. అయితే కావలి అవసరం ఎక్కడికీ పోలేదు. పట్నాలు పెరిగి, ఫ్యాక్టరీలు, బ్యాంకులు, మేడలు లేచేకొద్దీ అది మేర గింజల నుంచి నెలజీతానికి మారింది.

అన్నట్టు, గూర్ఖా సంగతి మరిచాను. రాత్రిపూట ఈల వేస్తూ, కర్ర నేలకేసి కొడుతూ వీధులు తిరిగి, నెల మొదట్లో గుమ్మంలో సలాం చేసే మనిషి మీకూ గుర్తుండే ఉంటాడు. గూర్ఖా అనేది ఒక కులమనీ, వాళ్ళంతా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళేననీ మనలో చాలామంది అనుకునేవాళ్ళం. నిజానికది నేపాలులోని గోర్ఖా అనే ఊరి పేరును బట్టి వచ్చిన మాట. అందులో మగర్లు, గురుంగులు, రాయీలు, లింబూలు ఇలా ఎందరో ఉన్నారు. 1815 నుంచి బ్రిటిషువాళ్ళు సైన్యంలో చేర్చుకోవడంతో వాళ్ళ శౌర్యానికి పేరు వచ్చింది. 1950లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒడంబడిక వల్ల నేపాలువాళ్ళు మన దేశంలో ఉండి పని చేసుకునే వీలు కలిగింది. బతుకు తెరువు కోసం కొండ దిగివచ్చిన రైతుబిడ్డకు కూడా మనం ఆ సైనికుడి పేరే తగిలించాం.

"ఈల వేసుకుంటూ తిరిగితే దొంగకి ముందుగా తెలిసిపోదూ?" అని చిన్నప్పుడు మేము నవ్వుకునేవాళ్ళం. తెలియాలనే వేస్తాడు! దొంగను పట్టుకోవడంకన్నా దొంగ రాకుండా చూడడం మేలు కదా. ఈ వీధిలో ఒకడు మేలుకొని ఉన్నాడని చాటడమే ఆ ఈల పని.

కావలివాడంటే దొంగతో కలియబడి పట్టుకోవాలన్నది మన ఇంకో భ్రమ. అమెరికాలో 1972 జూన్ 17 తెల్లవారుజామున ఏం జరిగిందో చూడండి. వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ఫ్రాంక్ విల్స్ అనే 24 ఏళ్ళ గార్డు ఉన్నాడు. జీతం వారానికి 80 డాలర్లు. తిరుగుతుండగా ఒక తలుపు గొళ్ళెం పడకుండా టేపు అంటించి ఉండటం చూశాడు. పనివాళ్ళు అంటించి ఉంటారులే అని పీకేశాడు. మళ్ళీ వచ్చి చూస్తే మళ్ళీ టేపు! అతను కర్ర తీయలేదు, ఎవరి మీదా దూకలేదు. పోలీసులకు ఫోను చేశాడు, అంతే. ప్రతిపక్షం ఆఫీసులో అయిదుగురు దొరికారు. ఆ తీగ లాగితే డొంక కదిలి, 1974 ఆగస్టు 9న నిక్సన్ అధ్యక్ష పదవినుంచి దిగిపోయాడు. విల్స్ మాత్రం ఆ తరవాత నిలకడైన ఉద్యోగం లేక, పేదవాడిగానే 2000లో చనిపోయాడు.

మన చట్టమూ అదే చెబుతుంది. గార్డు యూనిఫారం తొడిగినంత మాత్రాన పోలీసు కాడు. తన కళ్ళముందు పెద్ద నేరం జరిగితే మీకూ నాకూ ఉన్నట్టే అతనికీ మనిషిని పట్టుకునే హక్కుంది. పట్టుకున్నవాడిని ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలని 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియా స్మృతి గడువు పెట్టింది. కొట్టే హక్కు లేదు. 2005లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం వచ్చింది. దాని కింద 2006లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు గార్డుకు 100 గంటలు తరగతిలోనూ, 60 గంటలు బయటా శిక్షణ ఉండాలన్నాయి. ఊరికే కూర్చోవడానికి 160 గంటల చదువు దేనికండీ!

ఇక నిద్ర సంగతి. అది మా ఫ్లాట్లలో పుట్టిన జబ్బేమీ కాదు. 18వ శతాబ్దంలోనే ఇంగ్లండులో డెర్బీ ఊరి జాన్ వైట్‌హర్స్ట్ అనే గడియారాలాయన, కావలివాడు వేళకు గస్తీ తిరిగాడో లేదో పట్టిచ్చే గడియారం తయారుచేశాడు. ఎప్పుడు నిద్రపోయాడో గడియారం చెబుతుంది. ఎందుకు నిద్రపోయాడో అడగాల్సింది మనం.

మర్నాడు కిందికి దిగి అడిగాను. "ఏమయ్యా, ఆ రోజు కునుకు పట్టిందటగా?"

"పట్టీసింది బాబూ," అన్నాడు తల దించుకొని. శ్రీకాకుళం వైపు మనిషి. "అయిదింటికి మోటారెయ్యాలి కదా, ఓ అరగంట కూకుందామని కూకున్నాను."

మోటారు తరవాత కార్లు తుడవడం, పాల ప్యాకెట్లు, స్కూలు బస్సుకు పిల్లలు, గ్యాసు బండలు, కరెంటు బిల్లు, ఎవరింటికో కొత్తిమీర. మళ్ళీ రాత్రి గేటు. ఇరవైనాలుగు గంటలకూ ఒక్కడే మనిషి. అందులో కావలి కాయమని మనం వదిలిన సమయమెంత, నిద్రకు వదిలిందెంత? లెక్క వేస్తే రెండోదానికి సున్నా వచ్చింది.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాత్రి కావలి గురించి ఒక నియమం ఉంది. ఆపవలసినవాణ్ణి ఆపకపోయినా, ఆపకూడనివాణ్ణి ఆపినా కావలివాడికి జరిమానా. ఆపకూడనివాళ్ళెవరంటే, పురుటికి పోయేవాళ్ళు, వైద్యుడు, శవాన్ని తీసుకుపోయేవాళ్ళు, దీపం పట్టుకు నడిచేవాళ్ళు. అంటే అంతనాడే కావలివాడికి కండలకన్నా వివేచన కావాలన్నారు. ఇరవైనాలుగు గంటలు మేలుకున్నవాడికి వివేచన ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి?

నిన్న ఆదివారం పంచాయితీలో నేనివన్నీ చెప్పలేదు లెండి. పురాణం మొదలెట్టాడంటారు. ఒకే మాట అన్నాను. "ఇతన్ని పగటికి ఉంచి, రాత్రికి ఇంకొక మనిషిని పెట్టుకుందాం. ఇంటికి కొంచెం ఎక్కువవుతుంది."

'ఎక్కువ' అనేసరికి గదిలో నిశ్శబ్దం. మూడో అంతస్తు పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు: "అయితే మన ఫ్లాట్లలో ఇంతవరకూ దొంగతనం జరిగిందా?"

"తొమ్మిదేళ్ళలో ఒక్కటీ లేదు," అన్నాడు సెక్రటరీ.

"మరి ఒకడికే పని లేనప్పుడు ఇద్దరెందుకు?"

నేను చెబుదామనుకున్న జవాబు మొదటి అంతస్తు బామ్మగారు చెప్పేశారు. "జరగలేదు కనకే నాయనా. ఆ జరగకపోవడానికేగా మనం జీతమిస్తున్నది!"

చేతులెత్తి లెక్క తీస్తే, ఒక్క ఓటు తేడాతో రెండో మనిషి గెలిచాడు. ఈసారి నేను తల ఊపడంతో సరిపెట్టలేదు, చెయ్యెత్తాను.