కొండ కంచంలో తూకం ఎలా తప్పింది?

మన తిండి గురించి మనకంటే బయటివాళ్ళే ఎక్కువ మాట్లాడారు. కొండవాళ్ళు దొరికిందల్లా తింటారని కొందరు అన్నారు. వాళ్ళకి ఏం తినాలో తెలియదని మరికొందరు రాశారు. బడి గోడ మీదో, ఆసుపత్రి గోడ మీదో సమతులాహారం బొమ్మ కనిపించినప్పుడు అది మైదానం నుంచి మనకు నేర్పడానికి వచ్చిన పాఠంలాగే ఉంటుంది. కానీ గోదావరి ఏజెన్సీ చరిత్రను తిండి వైపు నుంచి చదివితే కథ వేరుగా కనిపిస్తుంది. రంపచోడవరం, మారేడుమిల్లి, దేవీపట్నం, అడ్డతీగల, రాజవొమ్మంగి కొండల్లో కొండరెడ్లు, కోయలు, కొండకమ్మరులు, వాల్మీకులు తిన్న తిండికి ఒక తూకం ఉండేది. అది మన తెలియనితనం వల్ల తప్పలేదు. అడవి మీద మన హక్కు తగ్గినకొద్దీ కంచంలో అన్నం పెరిగింది, అన్నం పక్కన ఉండేవి తగ్గాయి.

ముందు పోడు చేను చూద్దాం. మైదానంలో ఒక చేనంటే ఒక పంట. పోడులో అలా కాదు. సామ, చోడి, జొన్న, కొర్రల మధ్యే కంది, బొబ్బర, చిక్కుడు, గుమ్మడి ఉంటాయి. అన్నీ ఒకేసారి కోతకు రావు. ఒకటి అయిపోయేసరికి ఇంకొకటి అందుకుంటుంది. పిండిపదార్థం ఇచ్చే గింజ, మాంసకృత్తులు ఇచ్చే పప్పు, కూరగాయ ఒకే చేలో పండేవి. చోడి అంబలితో పాటు కందిపప్పో బొబ్బర్లో తింటే, గింజలో తక్కువైన మాంసకృత్తుల భాగాన్ని పప్పు పూరిస్తుందని ఈనాటి శాస్త్రం చెబుతోంది. మన పెద్దలు దాన్ని విత్తనాలు కలిపి చల్లడంలోనే చేశారు. గింజను ఇంట్లో రోట్లో దంచుకునేవాళ్ళు కాబట్టి పై పొరలోని బలం చాలా వరకు గింజతోనే ఉండేది. చోడిలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మిల్లు ఆడించిన తెల్లబియ్యంలో అది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే.

చేను ఇవ్వనిది అడవి ఇచ్చేది. తొలకరి వానలకు వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, రకరకాల ఆకుకూరలు. ఎండాకాలం చింతచిగురు, మామిడి, తునికి పండ్లు, ఇప్పపూలు. చలికాలం ఉసిరి, దుంపలు. వాగుల్లో చిన్న చేపలు, పీతలు, నత్తలు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అడవిలో ఉన్నాం కాబట్టి మనవాళ్ళు రోజూ మాంసం తినేవారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కోడి, మేక, పంది పండుగకో, చుట్టం వచ్చినప్పుడో, దేవతకు మొక్కు తీర్చినప్పుడో కోసేవి. విత్తనాల ముందు వచ్చే భూమి పండుగకు మగవాళ్ళంతా వేటకు వెళ్ళేవారు. దొరికిన జంతువు వేటాడినవాడి సొత్తు కాదు, ఊరి సొత్తు. ఇంటింటికీ వాటా వెళ్ళేది, ముసలివాళ్ళున్న ఇంటికీ వెళ్ళేది. అందుకే మాంసం తక్కువగానే అయినా అందరికీ అందేది. రోజువారీ బలం మాత్రం పప్పు, చిన్న చేప, ఆకుకూరల నుంచే వచ్చేది.

కొత్త పండుగల్లోనూ ఇలాంటి కట్టుబాటే ఉంది. మామిడి కొత్త, చిక్కుడు కొత్త చేసి దేవతకు పెట్టేవరకు ఆ కాయ ఎవరూ తినకూడదు. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసినవాళ్ళు ఉన్నారు. కాయ ముదిరే దాకా, విత్తనం నిలిచే దాకా ఊరంతా ఆగడం ఆ కట్టుబాటు ఫలితం. ఏ నెలలో ఏది తినాలో చెప్పే పంచాంగం మనకు పండుగల రూపంలో ఉండేది.

అయితే పాతకాలమంతా కడుపునిండా గడిచిందని చెబితే అది అబద్ధమవుతుంది. ఆషాఢ శ్రావణాల్లో గింజలు అడుగంటేవి. అప్పుడు చేదు దుంపలే దిక్కు. వాటిని తరిగి, బుట్టలో వేసి, పారే వాగులో రోజుల తరబడి నానబెడితేగాని విషం పోదు. జీలుగు చెట్టును కొట్టి, బోదె లోపలి గుజ్జు దంచి పిండి తీసేవారు. మామిడి టెంకలు పగలగొట్టి లోపలి జీడిని నానబెట్టి అంబలి కాచేవారు. 1940ల మొదట్లో పాపికొండల ప్రాంతంలో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో అచ్చయిన ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ పుస్తకంలో కొండరెడ్ల పోడు, తిండి, వ్యాపారుల దగ్గర అప్పుల జీవితం నమోదు చేశారు. ఆ తిండిలో మన తెలివి ఉంది, మన ఆకలీ ఉంది. రెండూ చెప్పుకోవాలి.

ఆకలి నెలల్లో ఆదుకున్నది జీలుగు కల్లు, తాటికల్లు కూడా. ఇవాళ కల్లు అంటే మత్తు ఒక్కటే గుర్తొస్తుంది. ఆనాడు గింజలు లేని రోజుల్లో కొండ మనిషికి అది తిండిలో భాగం. ఆ చెట్టు మీదే పన్ను పడింది. కల్లు పాటలు పాడుకున్న కాంట్రాక్టర్లు, రంప మన్సబుదారు వసూళ్ళు, పోలీసుల దౌర్జన్యం కలిసి 1879లో రంప తిరుగుబాటుకు దారితీశాయి. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య దాన్ని నడిపారు. చరిత్ర పుస్తకాల్లో దీన్ని పన్నుల మీద తిరుగుబాటు అని రెండు వాక్యాల్లో ముగిస్తారు. మనం దాన్ని తిండి కోసం జరిగిన పోరాటంగా కూడా చదవాలి.

ఆ తర్వాత మూడేళ్ళకు, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అనే మాట వచ్చింది. పోడు కొట్టడం, దుంప తవ్వడం, పశువులు మేపడం అనుమతులతో ముడిపడ్డాయి. కొండ వదిలి కొండకు మారుతూ, పాత పోడు మళ్ళీ అడవి అయ్యేదాకా ఆగే పద్ధతి కుదరలేదు. ఒకే చోట మళ్ళీమళ్ళీ కొడితే నేల సత్తువ పోయింది, పంటల రకాలు తగ్గాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదిలి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిందంటే, దాని వెనక రోడ్డు పనుల వెట్టితో పాటు పోడు మీది ఆంక్షలూ ఉన్నాయి.

ఇదే కాలంలో కొండ కింద ఇంకొక మార్పు జరిగింది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలు పారాయి. డెల్టా వరిచేలుగా మారింది. మన కొండల మీదుగా వచ్చిన నీళ్ళే కింద అన్నం అయ్యాయి. తరువాత ఆవిరి యంత్రాల మిల్లులు వచ్చాయి. రోటిలో దంచిన బియ్యం స్థానంలో మెరిసే తెల్లబియ్యం వచ్చింది. తవుడుతో పాటు బి1 విటమిన్ పోయింది. పప్పు, చేప, కూర బాగా కలుపుకోగలిగిన ఇళ్ళకు ఆ నష్టం తెలియలేదు. మిల్లు అన్నమే ముప్పాతిక కడుపుగా బతికిన పేదలకు మాత్రం కాళ్ళు తిమ్మిరెక్కి, ఒళ్ళు ఉబ్బి, గుండె దెబ్బతినే బెరిబెరి జబ్బు పట్టుకుంది. గోదావరి, విశాఖ తీరాలున్న ఉత్తర సర్కారు ప్రాంతం ఆ రోజుల్లో దేశంలోనే బెరిబెరికి పేరుపడిన చోటు.

ఆ జబ్బు మీద పరిశోధనకే 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు చిన్న విభాగం మొదలుపెట్టారు. అదే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేశానికి తిండి పాఠం చెప్పే సంస్థ పుట్టుకే తెల్లబియ్యం తెచ్చిన జబ్బు నుంచి. అన్నం ఒక్కటే కంచాన్ని నింపితే ఏమవుతుందో డెల్టా మనకంటే ముందే అనుభవించింది.

ఆ తెల్లబియ్యం కొండెక్కింది మాత్రం మెల్లగా. మొదట సంతల దారిన వచ్చింది. చింతపండు, కుంకుళ్ళు, కరక్కాయ, కొండచీపుర్లు కిందికి దిగాయి. ఉప్పు, ఎండుచేపలు, బియ్యం పైకి వచ్చాయి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ ఫలసాయం కొనడం, నిత్యావసర సరుకులు అమ్మడం మొదలుపెట్టింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆ బియ్యం ఆషాఢ శ్రావణాల ఆకలిని తగ్గించింది. చేదు దుంపల కోసం వానలో అడవి పట్టి తిరిగిన తల్లులకు అది చిన్న విషయం కాదు. కోటా బియ్యాన్ని మనం తిట్టకూడదు.

కానీ బియ్యం వచ్చిన దారినే మిగతావి రాలేదు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. అడవి జంతువులను కాపాడుకోవాలన్నది సరైనదే. అయితే ఇంటింటికీ వెళ్ళిన వాటాకు బదులు ఏం తినాలో ఎవరూ ఆలోచించలేదు. పోడు చేలు జీడిమామిడి, రబ్బరు తోటలయ్యాయి. డబ్బు వచ్చింది, కందీ బొబ్బరా పోయాయి. పోలవరం ముంపులో దేవీపట్నం మండలం ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకు వెళ్ళినవాళ్ళకు ఇళ్ళు దొరికాయి గాని, వాగు లేదు, అడవి లేదు, ఉచితంగా దొరికే ఆకు కూడా లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన సూచనల్లో, రోజుకు 2,000 కేలరీల తిండికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలన్నారు. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదు. పప్పులో కొంత భాగానికి బదులు గుడ్డు, చేప, మాంసం తినవచ్చు. కొండెక్కి పనిచేసేవాళ్ళకు మొత్తం ఇంకా ఎక్కువ కావాలి, తూకం మాత్రం అదే.

అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోలు వస్తాయి. అయిదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 233 గ్రాములు. అంటే ధాన్యం వాటా కోటాతోనే దాదాపు నిండిపోయింది. మరి పప్పు? కార్డుకు నెలకు కిలో కందిపప్పు వచ్చినా అదే ఇంట్లో మనిషికి రోజుకు ఏడు గ్రాములు కూడా రాదు. ఉండాల్సింది 85. కూరగాయల సంగతి కోటాలో అసలే లేదు. మన కంచంలో ఎక్కడ ఖాళీ ఉందో ఈ మూడు అంకెలే చెబుతాయి. ఆ ఖాళీని పప్పు లేని పలుచని చారుతో, ఇంకో గరిటె అన్నంతో నింపుతున్నాం. మారేడుమిల్లి రోడ్డు పక్కన పర్యాటకులకు బొంగులో చికెన్ వండి అమ్ముతున్నాం. అది పండుగ వంట. మన రోజువారీ కంచాన్ని నిలబెట్టినవి బొబ్బర్లు, మునగాకు, వాగు చేపలు.

కాబట్టి యువతకు మనం చెప్పాల్సింది ‘మళ్ళీ పాతకాలానికి పోదాం’ అని కాదు. కోటా బియ్యం ఉంచుకుందాం. అందులో ఒక పూట చోడి, సామ తిరిగి తెద్దాం. అన్నం పక్కన ఖాళీ అయిన చోటు నింపుకుందాం. పెరట్లో ఒక మునగ చెట్టు, ఒక చిక్కుడు పాదు, ఒక గుమ్మడి పాదు, నాలుగు కోళ్ళు ఉంటే సగం పని అవుతుంది. మాంసం రోజూ ఉండనక్కరలేదు. ఆకుకూరలో గుప్పెడు ఎండుచేపలు వేస్తే, ఆ కూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా చేప సాయపడుతుంది. భోజనంతో పచ్చి ఉసిరికాయ తిన్నా అదే మేలు. ఇది మన అమ్మమ్మల వంటే.

ఉపాధ్యాయులకు రెండు మాటలు. పిల్లవాడు పాలిపోయి ఉంటే కూరలు తినమని చెప్పి ఊరుకోవద్దు. మన తెగల్లో సికిల్‌సెల్ జబ్బు ఉంది. అది తిండితో నయమయ్యేది కాదు, రక్తపరీక్ష చేయించాలి. రెండోది, ఊళ్ళో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఏ నెలలో ఏ ఆకు, ఏ దుంప, ఏ గింజ తినేవారో పిల్లలచేత రాయించండి. ఎక్కడ దొరుకుతుందో, విషం ఎలా తీస్తారో కూడా రాయించండి. అది జీవశాస్త్ర పాఠమే. పైగా 2006 అటవీ హక్కుల చట్టం అటవీ ఫలసాయం సేకరించుకునే హక్కును, సామూహిక హక్కులను గుర్తించింది. గ్రామసభ సామూహిక హక్కుకు దరఖాస్తు పెట్టేటప్పుడు ఊరు ఏ అడవి మీద ఎలా బతికిందో చెప్పాలి. పిల్లలు రాసిన ఆ పట్టిక అక్కడ అక్కరకొస్తుంది.

1879లో మనవాళ్ళు ఒక చెట్టు కోసం లేచారు. ఇవాళ మన ముందున్న పని అంత కష్టమైనది కాదు. పోయిన విత్తనం ఏ ఊళ్ళో, ఎవరి అటక మీద ఇంకా మిగిలి ఉందో వెతకాలి. ఈ తొలకరికి దాన్ని నేలలో వేయాలి.