పళ్ళ డాక్టర్లు, ఎమ్మెల్యేలు, మన సంఘాలు: భివండీ తెలుగువారు తెలుసుకోవలసిన విషయాలు

పన్ను నొప్పి వస్తే డాక్టరు దగ్గరికి, గల్లీలో నీళ్ళు రాకపోతే ఎమ్మెల్యే దగ్గరికి పోతాం. ఈ రెండు గడపలనూ కలపాలని మనకు తోచదు. కానీ దంతవైద్యులు ప్రజాప్రతినిధులతో పరిచయం పెంచుకుని చట్టాలు తెప్పించిన చరిత్ర మన దేశంలో ఉంది.

చరిత్ర

1920లో కలకత్తాలో దేశంలోనే మొదటి దంతవైద్య కళాశాల పెట్టిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ క్లినిక్‌కే పరిమితం కాలేదు. కలకత్తా కార్పొరేషన్‌లో కౌన్సిలర్‌గా, తర్వాత పశ్చిమ బెంగాల్ మంత్రిగా పనిచేశారు. 1939 నాటి బెంగాల్ దంతవైద్యుల చట్టం వెనుక ఆయన కృషి ఉంది. 1948లో దేశమంతటికీ దంతవైద్యుల చట్టం వచ్చింది. 2023లో పార్లమెంటు నేషనల్ డెంటల్ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది.

గుట్కా నిషేధం నేర్పిన పాఠం

మహారాష్ట్రలో 2012 జులైలో గుట్కాను నిషేధించారు. ఆ రోజుల్లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి క్యాన్సర్ సర్జన్ డాక్టర్ పంకజ్ చతుర్వేది వంటివారు నోటి క్యాన్సర్ రోగులను వెంటబెట్టుకుని నాయకులను కలిశారు. దవడ పోగొట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడితే, ఎంతటి నాయకుడైనా అర్జీని పక్కన పెట్టలేడు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే ఇలాంటి నిషేధపు ఉత్తర్వు ఒకసారికి ఏడాదికి మించి ఉండదు. మళ్ళీ మళ్ళీ పొడిగించాలి. కాబట్టి ఒక్కసారి దండ వేసి ఫోటో దిగితే పని అయిపోదు.

మనకెందుకు?

రాత్రి పాళీలో నిద్ర ఆపుకోవడానికి సాంచాల దగ్గర తంబాకు, సున్నం నలిపి బుగ్గన పెట్టుకునేవారిని పద్మానగర్‌లో అందరం చూశాం. మా గల్లీలో ఒక సాంచా కార్మికుడికి నోరు బిగుసుకుపోయి, అన్నం ముద్ద పట్టడం మానేసింది. నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే ఆలస్యం చేయవద్దని డాక్టర్లు చెబుతారు. ఆ అబ్బాయికి ఒక్క వేలే పట్టింది. ఈ రోగాన్ని ముందుగా గుర్తుపట్టగలిగినవారు పళ్ళ డాక్టర్లే. ఓట్లు మాత్రం మన ఇళ్ళలో ఉన్నాయి. ఇద్దరూ కలిసి వెళితేనే మాటకు బలం.

ఎవరిని కలవాలి?

భివండీ తూర్పు, భివండీ పశ్చిమ, భివండీ గ్రామీణ అని మనకు మూడు శాసనసభ స్థానాలు ఉన్నాయి. ఎంపీ ఒకరు. వార్డు సంగతులకు నగరపాలిక కార్పొరేటర్. ముందు మీ ఓటు ఏ స్థానంలో ఉందో చూసుకోండి.

ఎలా కలవాలి?

1. పని పడకముందే పరిచయం చేసుకోండి. బతుకమ్మకో, మార్కండేయ జయంతికో పిలిచి, పక్కనే ఉచిత దంత పరీక్షల శిబిరం పెట్టండి. నాయకుడు తన కళ్ళతో చూడాలి.
2. అర్జీ మరాఠీలో, ఒకే పేజీ, ఒకే కోరిక. ఉదాహరణకు, బడికి వంద గజాల లోపు తంబాకు అమ్మకాన్ని 2003 చట్టం నిషేధించింది. దాన్ని అమలు చేయించమనండి. లేదా ప్రభుత్వ ఆసుపత్రిలో దంత విభాగానికి ఏం కావాలో డాక్టరుగారితో రాయించండి.
3. రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోండి. గుమాస్తాగా జీవితమంతా ఆ ముద్రలు వేసిన నేనే, సంఘం అర్జీ ఒకటి ముద్ర లేకుండా ఇచ్చి వచ్చాను. నెల తర్వాత వెళితే, అలాంటి కాగితం రాలేదన్నారు.
4. శాసనసభ సమావేశాలకు ముందే వెళ్ళండి. ఎమ్మెల్యే సభలో ప్రశ్న వేయవచ్చు, లక్షవేధి సూచన ఇవ్వవచ్చు. దానికి వివరాలు అందించవలసింది మనమే.
5. పని జరిగితే వెళ్ళి కృతజ్ఞత చెప్పండి. జరగకపోతే మళ్ళీ వెళ్ళండి.
6. సంఘం పేరు మీద ఏ పార్టీ జెండా పట్టవద్దు. ఎమ్మెల్యేలు మారుతుంటారు, మన గల్లీ ఇక్కడే ఉంటుంది.

తంబాకు మానాలనుకునేవారికి జాతీయ ఉచిత ఫోను: 1800-11-2356. ఈ రాత్రి భోజనం ముందు ఇంట్లో అందరూ మూడు వేళ్ళ పరీక్ష చేసుకోండి. పట్టనివారిని పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.