బందరు రోడ్డు మీది స్టూడియో

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి వ్రాయమని మన కార్యదర్శిగారు అడగగానే నాకు రేడియో జ్ఞాపకం వచ్చింది. నేను పోస్టల్ డిపార్టుమెంటు వాణ్ణి. పోస్టాఫీసుకూ రేడియోకూ ఏమిటి సంబంధమని నేటి పిల్లలు అడుగుతారు. ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంటే లైసెన్సు ఉండాలి. ఏటా రుసుము కట్టించుకుని, లైసెన్సు పుస్తకంలో బిళ్ళలు అంటించి ముద్ర వేసేది మేమే. 1980లలో ఆ పద్ధతి ఎత్తివేశారు.

అంటే వినేవాడికి లైసెన్సు మన ఊళ్ళో, వినిపించేవాడు వేరే ఊళ్ళో. బందరుకు ఇది కాస్త చిన్నతనంగానే ఉండేది. ఎందుకంటే అచ్చు విషయంలో మనం ఎవరికీ తీసిపోలేదు. 1902లోనే కృష్ణాపత్రిక ఇక్కడ పుట్టింది. ముట్నూరి కృష్ణారావు గారు బందరులో కూర్చుని వ్రాస్తే ఆంధ్రదేశమంతా చదివింది. రేడియో వచ్చేసరికి మాత్రం మనం చెవులొగ్గి వినేవాళ్ళమే అయ్యాం.

మొదట వినిపించింది మదరాసు. అక్కడ ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అరవం, తెలుగు ఒకే కేంద్రంలో సర్దుకోవాలి. పదేళ్ళ తరువాత, 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. అప్పటికింకా ఆంధ్ర రాష్ట్రమే లేదు. జిల్లా ముఖ్యపట్టణం బందరైనా కేంద్రం బెజవాడకు వెళ్ళింది. రైలు జంక్షను, అటు గుంటూరుకూ ఇటు గోదావరికీ అందుబాటు; కాదనడానికి లేదు. తరువాతి కాలంలో ఆ స్టూడియో ఉన్న పున్నమ్మతోట బందరు రోడ్డు మీదే. మా ఆఫీసులో ఒక పెద్దాయన, “స్టూడియో మన రోడ్డు మీదే ఉందోయ్, కాకపోతే నలభై మైళ్ళు ఎగువన!” అని నవ్వించేవారు.

మామూలు రోజుల్లో ఆ నలభై మైళ్ళు ఎవరికీ పట్టలేదు. తెల్లవారితే భక్తిరంజని. బాలాంత్రపు రజనీకాంతరావు గారి పాటలు, ఓలేటి వెంకటేశ్వర్లు గారి సంగీతం, ఉషశ్రీ గారి రామాయణ భారతాలు. ఆయన చెబుతుంటే రోడ్డు మీద నడుస్తూ కూడా వినేవాళ్ళం, ఇంటింటా అదే గొంతు గనుక. గుడివాడ వైపు రైతులకు వ్యవసాయ కార్యక్రమం. శ్రోతల కార్డులు మా చేతుల మీదుగానే బస్తాల్లో వెళ్ళేవి. రికార్డింగుకు పిలుపు వచ్చిన కళాకారుడు హార్మోనియం పెట్టెతో బస్సెక్కేవాడు.

ఇక 1977 నవంబరు 19, శనివారం. నేను అప్పుడు దివి తాలూకాలో ఒక సబ్ పోస్టాఫీసులో గుమాస్తాను. తుఫాను హెచ్చరికలు రేడియోలో వింటూనే ఉన్నాం. నేను విన్న వాక్యాలలో సొర్లగొంది పేరు లేదు, పాలకాయతిప్ప పేరు లేదు. ఉండాలని ఎవరమూ అనుకోలేదు కూడా. తీరమంతటికీ కలిపి చదివే మాటల్లో ఊళ్ళ పేర్లు ఎలా పడతాయి? సముద్రం ఒడ్డు పల్లె నుంచి మా ఆఫీసుకు టపా సంచి మోసుకొచ్చే మనిషి ఒకడుండేవాడు. అతనికి చిన్న ట్రాన్సిస్టరు ఉండేది, లైసెన్సు వ్రాసింది నేనే. ఆ పొద్దున, “ఇవాళ ఇక్కడే ఉండిపోవోయ్” అన్నాను. “మా ఊరి పేరేం చెప్పలేదు కదండీ, ఏటా వచ్చే గాలివానేనండీ, ఇంటి దగ్గర పిల్లలున్నారు” అని సంచి తలమీద పెట్టుకుని వెళ్ళాడు.

సాయంత్రం ఉప్పెన వచ్చింది. అధికార లెక్కల్లోనే చనిపోయినవారు పదివేల దరిదాపు. 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెనలో ముప్పైవేల మంది పోయారని మా తాతలు చెబితే కథలాగా విన్నాం.

మరుసటి ఏడాది రెన్యువలు సమయానికి రిజిస్టరులో వరుసగా కొన్ని పేర్ల ఎదుట ఖాళీ. రుసుము కట్టనివారికి నోటీసు పంపాలని నియమం. నేను పంపలేదు. పైవారూ అడగలేదు.

ఆ తరువాత 1980ల తొలినాళ్ళలో బందరులోనే తుఫానులను కనిపెట్టే రాడార్ నెలకొల్పారు. 1990 మే 9న కృష్ణ సంగమం దగ్గర పెద్ద తుఫానే తీరం దాటింది. అప్పటికి ముందుగా లక్షల మందిని తరలించగలిగారు; మరణాలు వెయ్యి లోపే. చూసేది బందరు, చెప్పేది బెజవాడ అయినా, మధ్యలో లారీలూ, ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టిన రెవెన్యూ సిబ్బందీ ఉన్నారు. వారిలో మన సంఘ సభ్యులూ కొందరు.

స్టూడియో ఎక్కడుండాలన్న పేచీ మనకొక్కరికే కాదు. అమెరికాలో ఏ ఊరి పేర లైసెన్సు ఇస్తే ప్రధాన స్టూడియో ఆ ఊళ్ళోనో, చేరువలోనో ఉండాలని దశాబ్దాల పాటు నియమం. క్రమంగా సడలించి, 2017 అక్టోబరులో అక్కడి కమిషను 3-2 ఓట్లతో రద్దు చేసింది. ఫోను, ఇంటర్నెట్ ఉండగా గదితో పనేమిటని వారి వాదన. అంతకు ముందే, 2002 జనవరి 18న, ఉత్తర డకోటాలోని మైనాట్‌లో అమోనియా తెస్తున్న రైలు పట్టాలు తప్పింది. అర్ధరాత్రి దాటాక పోలీసులు ఊరి రేడియోకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదని గొడవ అయింది. అత్యవసర యంత్రాన్ని పోలీసులే సరిగా వాడుకోలేదని యాజమాన్యం బదులు చెప్పింది. ఎవరి మాట నిజమైనా, ఆ రాత్రి ఫోను ఎత్తే మనిషి స్టూడియోలో ఉంటే ఈ తగువే ఉండేది కాదని నా అభిప్రాయం.

మన దేశంలో 2006 నాటి కమ్యూనిటీ రేడియో విధానం ఈ విషయంలో మెరుగు. స్వచ్ఛంద సంస్థల ట్రాన్స్‌మిటరు ఏ ప్రజల కోసమో ఆ ప్రాంతంలోనే ఉండాలి, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల పాలుపంపులతో తయారు కావాలి. జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంగం రేడియోను దళిత మహిళలే నడిపారు. ప్రైవేటు ఎఫ్.ఎం.ల దారి వేరు. 2011 విధానం ప్రకారం ఒక కంపెనీ తన కేంద్రాలన్నిటికీ ఒకచోటి కార్యక్రమాన్నే పంచుకోవచ్చు.

దివి ప్రాంతపు మిత్రులెవరైనా ఆ శనివారం రేడియోలో తాము విన్న మాటలు, విన్న వేళ గుర్తున్నంత వరకు ఒక కార్డు మీద వ్రాసి పంపితే వచ్చే సంచికలో వేద్దామని కార్యదర్శిగారు అన్నారు. ఊరి పేరు మాత్రం తప్పక వ్రాయండి.