బతికించడమనే లెక్క: ‘బ్రింగింగ్ అవుట్ ది డెడ్’లో పారామెడిక్

మార్టిన్ స్కోర్సేసీ తీసిన ‘బ్రింగింగ్ అవుట్ ది డెడ్’ 1999 అక్టోబరులో విడుదలై, పెట్టుబడి కూడా రాబట్టుకోలేకపోయింది. స్క్రీన్‌ప్లే పాల్ ష్రేడర్‌ది కావడంతో విమర్శకులు చాలామంది దాన్ని 1976 నాటి ‘టాక్సీ డ్రైవర్’ పక్కన పెట్టి చూశారు. అదే న్యూయార్క్ రాత్రి, బండి నడుపుతూ తిరిగే అదే ఒంటరివాడు, అదే పాపభీతి. ఇలా మతం కోణంలో చూడటానికి సినిమాలో ఆధారాలు లేకపోలేదు. కథ మూడు రాత్రులు నడుస్తుంది, నాయిక పేరు మేరీ, చివరి దృశ్యం శిలువ నుంచి దించిన కొడుకును ఒడిలో పెట్టుకున్న తల్లి శిల్పాన్ని తలపిస్తుంది. కానీ ఈ చూపుకు ఒక చిన్న సంగతి ఆనదు. కథానాయకుడు ఫ్రాంక్ పియర్స్ జీతం తీసుకునే అంబులెన్సు ఉద్యోగి. అతణ్ణి తినేస్తున్న బాధ అతని ఆత్మలో కంటే ముందు, ఆ ఉద్యోగం ‘బతికించడం’ అనే మాటకు కట్టిన లెక్కలో ఉందని ఈ వ్యాసం వాదన.

సినిమాకు మూలం జో కానెలీ 1998లో వెలువరించిన నవల. ఆయన న్యూయార్క్‌లో పారామెడిక్‌గా పనిచేసినవాడే. కథాకాలం తొంభైల ఆరంభమని సినిమా మొదట్లోనే అక్షరాల్లో చెబుతుంది. ఆ కాలాన్ని పట్టించుకోవాలి. అప్పటికి నగర అంబులెన్సులు అగ్నిమాపక శాఖలో కలవలేదు, ఆ విలీనం 1996లో జరిగింది. మాన్‌హాటన్‌లోని హెల్స్ కిచెన్ వంటి పేటల్లో ఇళ్ళు లేనివాళ్ళు, ఎయిడ్స్ రోగులు, మాదకద్రవ్యాలకు చిక్కినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అవే ఆసుపత్రుల గుమ్మం తొక్కేవాళ్ళు.

ఆ కాలానికి ఒక గట్టి కొలమానం కూడా దొరుకుతుంది. 1990–91లో ఆరు నెలలపాటు న్యూయార్క్‌లో ఆసుపత్రి బయట గుండె ఆగిన 2,329 మందిని పరిశీలించిన అధ్యయనం 1994లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. బతికినవాళ్ళు 1.4 శాతం. వందకు ఇద్దరు కూడా లేరు. ఈ అంకె పక్కనే ఇంకో అంకె పెట్టి చూడాలి. 1994–95లో ‘ఈఆర్’ వంటి అమెరికన్ టీవీ కార్యక్రమాల్లో ఛాతీ నొక్కి ప్రాణం పోసే దృశ్యాలను లెక్కగట్టిన పరిశోధకులకు, తెర మీద నూటికి 75 మంది అప్పటికి బతికి బయటపడటం కనిపించింది. జనం టీవీలో నేర్చుకున్న ఆశతో ఫోన్ చేస్తారు. బండి ఎక్కి వచ్చేవాడికి అసలు లెక్క తెలుసు. ఈ రెండు అంకెల మధ్య సందులో ఫ్రాంక్ నిలబడి ఉన్నాడు.

ఈ సందును స్కోర్సేసీ మొదటి ఘట్టంలోనే వాడుకున్న తీరు చూడదగ్గది. మేరీ తండ్రి బర్క్ అనే పెద్దాయన గుండె ఆగిపోయింది. ఆశ వదులుకునే దశలో ఫ్రాంక్ ఆయనకు ఇష్టమైన పాట పెట్టమంటాడు. సినాట్రా గొంతు వినిపిస్తుంది, నాడి తిరిగొస్తుంది. టీవీ నాటకమైతే అక్కడ ముగింపు సంగీతం వచ్చేది. ఇక్కడ ఆ విజయమే విషాదానికి మొదలు. స్పృహ లేని బర్క్ గుండె ఆసుపత్రిలో ఆగుతూనే ఉంటుంది, వైద్యులు షాక్ ఇచ్చి లేపుతూనే ఉంటారు. రికార్డులో ఆయన బతికిన మనిషి. ఆస్తమాతో చనిపోయిన రోజ్ అనే పిల్ల మాత్రం, ఊపిరి గొట్టం సరైన దారిలో పడక ఫ్రాంక్ పోగొట్టుకున్న రోగి. దారిన పోయే ప్రతి ముఖంలోనూ ఆమే అతనికి కనిపిస్తుంది. లెక్క ప్రకారం ఒకటి గెలుపు, ఒకటి ఓటమి. ఫ్రాంక్‌ను ఆ రెండూ ఒకే తీరున వెంటాడతాయి.

మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ‘బర్నవుట్’ గురించి 1974లో రాసింది, ఉచిత వైద్యశాలల్లో అలసి ఆరిపోతున్న సిబ్బందిని చూసే. సినిమాలో ఆ స్థితికి ముగ్గురు సహోద్యోగులు మూడు మందులు కనిపెట్టారు. లారీకి తిండి, మార్కస్‌కు ప్రార్థన, టామ్‌కు తన్నడం. మార్కస్ ఘట్టం అద్భుతమైన హాస్యం. హెరాయిన్ మోతాదు మించి పడిపోయిన కుర్రాడి చుట్టూ అందరినీ చేతులు పట్టుకోమని మార్కస్ దేవుణ్ణి పిలుస్తుంటే, ఫ్రాంక్ చడీచప్పుడు లేకుండా విరుగుడు ఇంజెక్షన్ ఇస్తాడు. కుర్రాడు కళ్ళు తెరుస్తాడు, ఘనత పైవాడి ఖాతాలో పడుతుంది. ఇక ఫ్రాంక్ తనను ఉద్యోగంలోంచి తీసేయమని బతిమాలితే, కెప్టెన్ రేపు తీసేస్తానని మాటిచ్చి మళ్ళీ బండెక్కిస్తాడు. మనుషులు చాలని చోట జబ్బుపడటానికి కూడా సెలవు దొరకదు. పైగా రేడియోలో కాల్స్ అప్పగించే గొంతుల్లో ఒకటి స్కోర్సేసీదే. పాత్రను నరకంలోకి పంపేది దర్శకుడేనని ఒప్పుకున్నట్టుంది.

దీనికి భిన్నంగా మన తెలుగు సినిమాలో అంబులెన్స్ ఎక్కువగా ట్రాఫిక్‌లో చిక్కి ఉత్కంఠ పుట్టించే వస్తువు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలై, ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు), పైలట్ (డ్రైవరు) అనే ఇద్దరు ఊరూరా తెలిసిన మనుషులయ్యాక కూడా, బండి లోపలి వాళ్ళ అలసట మన తెరకు కథావస్తువుగా పెద్దగా ఎక్కలేదు.

మళ్ళీ స్కోర్సేసీ సినిమాకు వస్తే, అది తడబడేది ముగింపులో. ఫ్రాంక్ బర్క్ గదిలోకి వెళ్ళి, యంత్రం తీగలను తన ఛాతీకి తగిలించుకుని, అలారం మోగకుండా ఆయన్ను వెళ్ళనిస్తాడు. దృశ్యంగా ఇది గొప్పది. కానీ గుండె ఆగితే తిరిగి లేపే ప్రయత్నం వద్దని నిర్ణయించే పద్ధతికి న్యూయార్క్ రాష్ట్రంలో 1988 నుంచే చట్టం అమల్లో ఉంది. రోగికి స్పృహ లేకపోతే అతని తరఫున కుటుంబం ఆ మాట చెప్పే వీలు కూడా అందులో ఉంది. ఆ గదిలో మేరీ లేదు, ఆమెను ఎవరూ అడగలేదు, చట్టం ప్రసక్తే రాదు. అంతవరకు సంస్థను నిలదీసిన కథ, కీలకమైన క్షణంలో ఒంటరి కరుణామూర్తి చేతికి తాళాలు అప్పగించేసింది. మతకోణపు విమర్శకులకు బలం చిక్కింది ఇక్కడే. నువ్వు బాధపడాలని ఎవరూ అడగలేదని రోజ్ ముఖంతో మేరీ చెప్పే మాట దీనికి కొంత దిద్దుబాటు. అయితే అది ఫ్రాంక్ అపరాధభావాన్ని దించుతుందేగాని, బర్క్ విషయంలో నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నను ముట్టుకోదు.

ఆ ప్రశ్నను 2023లో కాన్ ఉత్సవంలో ‘బ్లాక్ ఫ్లైస్’గా ప్రదర్శితమై, తరవాత ‘ఆస్ఫాల్ట్ సిటీ’గా విడుదలైన సినిమా వేరే దారిలో ఎత్తుకుంది. దీని మూల నవల రాసిన షానన్ బర్క్ కూడా న్యూయార్క్ పారామెడిక్‌గా పనిచేసినవాడే. అందులో షాన్ పెన్ పోషించిన సీనియర్ పారామెడిక్ ఒక పసికందుకు ప్రాణం పోయకుండా వదిలేస్తాడు. ఫ్రాంక్‌కు దొరికిన శాంతి అతనికి దొరకదు, విచారణ ఎదురవుతుంది. సినిమాగా అది మోటుది, హింసను మితిమీరి వాడుకుంది. అయినా చావుబతుకుల నిర్ణయం సొంతంగా తీసుకున్న ఉద్యోగిని, తీసుకోవడానికి నువ్వెవరు అని సంస్థ చేత అడిగించే సాహసం స్కోర్సేసీ కంటే అదే ఎక్కువ చేసింది.