ఎనిమిదో చెయ్యి

‘ప్లేటు ఫిరాయించడం’ అని మనవాళ్ళు అంటారు. గ్రామఫోను రోజుల్లో పుట్టిన మాట కాబోలు. రాజకీయాల్లో ఈ ఫిరాయింపు చరిత్రను మనం సాధారణంగా శాసనసభల కథగానే చెప్పుకుంటూ వచ్చాం. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మార్చి ‘ఆయారామ్ గయారామ్’ అనే నానుడికి కారకుడైన చోట ఆ కథ మొదలవుతుంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చిన చోట ఆగుతుంది. కాని ఆ షెడ్యూలులో మండలాల ఊసు గాని, పురపాలక సంఘాల ఊసు గాని లేదు. స్థానిక సభ్యుడి అనర్హతను రాష్ట్రాల చట్టాలకే వదిలేశారు. అసలు వైరుధ్యం బయటపడేది ఇక్కడే.

1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసినప్పుడు, బేరగాళ్ళ చేతికి చిక్కకుండా శాసనసభ్యులను కర్ణాటకకు తరలించారు. ప్రజలు వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ‘క్యాంపు’ అనే మాటకు ఆ నెల రోజులూ ఒక గౌరవం ఉండేదంటే నేటి పాఠకుడు నమ్మకపోవచ్చు. ఆ తర్వాత ఆర్నెల్లు తిరక్కుండానే ఫిరాయింపుల నిరోధక చట్టం అమలులోకి వచ్చింది.

మండలాలకు క్యాంపు ఎలా దిగింది? 1986 చట్టంతో సమితుల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. 1987లో మండలాధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ, మధ్య అంచెలోనూ జిల్లా అంచెలోనూ అధ్యక్షుణ్ణి సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలన్నది. 1994 పంచాయతీరాజ్ చట్టం దానికి అనుగుణంగానే వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. మండలమంతటినీ కొనడం ధనవంతుడికైనా కష్టం. పదిహేనుమంది సభ్యులున్న చోట ఎనిమిదో చేతిని కొనడం ఏమంత కష్టం?

అందుకే విప్ వచ్చింది. అధ్యక్ష ఎన్నికలో చేతులెత్తి ఓటు వేయాలి. గుర్తింపు పొందిన పార్టీ సభ్యుడు విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. అయితే వేసిన ఓటు మాత్రం చెల్లుతుంది! చెయ్యి పనికొచ్చింది, చేతిగల మనిషి పనికిరాకుండా పోయాడు. పైగా ఈ శిక్ష ఎన్నికకూ అవిశ్వాస తీర్మానానికీ పరిమితం. మిగిలిన అయిదేళ్ళూ కండువా మార్చుకున్నవాణ్ణి అడిగే నాథుడు లేడు. కేరళ 1999లో చేసిన చట్టం ఇంతకన్నా గట్టిది: పార్టీని స్వచ్ఛందంగా వదులుకున్నా అనర్హతే, తీర్పు రాష్ట్ర ఎన్నికల సంఘానిది, ఆరేళ్ళపాటు పోటీకి వీల్లేదు. మన దగ్గర ఆ ఉత్తర్వు ఇచ్చేది ఎన్నిక జరిపిన అధికారే. కేరళ పద్ధతి మేలని ఒప్పుకుంటాను. కాని కొన్నవాడి జోలికి అదీ పోదు.

గ్రామపంచాయతీ సంగతి మరీ విచిత్రం. చట్టం దృష్టిలో అక్కడ పార్టీలే లేవు. ఎవరు ఏ పార్టీయో ఊళ్ళో పసిపిల్లవాడు కూడా చెబుతాడు.

మా మండలంలో ఒక అధ్యక్ష ఎన్నికనాడు, వారం రోజుల క్యాంపు నుంచి బస్సులో తిన్నగా వచ్చిన ఒక సభ్యురాలిని చూశాను. రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన వ్యవసాయ కూలీ. నా దగ్గర చదివిన పిల్లవాడి తల్లి. విప్ కాగితం మీద ఆమెచేత వేలిముద్ర వేయించుకున్నారుగాని అందులో ఏముందో చదివి వినిపించినవారు లేరు. ఇంటాయన సైగ చేసినవైపు చెయ్యెత్తింది. కొన్నాళ్ళకు సభ్యత్వం పోయినట్టు తాఖీదు వచ్చింది. అది పట్టుకుని బడికి వచ్చింది, చదివి పెట్టమని. చదివాను. “అయితే ఆ అధ్యక్షుడిది గూడా పోద్దా సారూ?” అని అడిగింది. పోదమ్మా అన్నాను. కాగితం మడిచి కొంగున కట్టుకుని నాట్లకు వెళ్ళిపోయింది.